కాఫీ తాగని ట్రాక్టరువాడు

కోర్పివార, 1988 నవంబరు, లైబ్రరీ బస్సు వచ్చిన మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ ఆర్వీ,

నేను బాగానే ఉన్నాను. బాగా లేనిది నా దారి. ఔలు పట్నంలో ఇరవైతొమ్మిదేళ్లు పన్నుల ఆఫీసులో కూర్చుని అందరి జేబులూ తడిమినవాడివి, నా కేసు నువ్వే వినాలి. నేను చెబుతుంటే లైబ్రరీ బస్సు నడిపే కెర్తు రాస్తోంది. చెయ్యి ఆవిడది, నోరు నాది. తిట్లు మింగేయకుండా రాయమ్మా అని ముందే చెప్పాను.

మొన్న పేపర్లో పన్నుల పట్టిక పడింది కదా. ఏటా ఆ రోజు మన ఊళ్లో ఎవరూ పని చెయ్యరు. కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా పక్కవాడి సంపాదన చదువుకుంటారు. నాకు కెర్తు మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించింది. "సైమమ్మా, మీ పేరు పైనుంచి పదకొండోది" అంది. తైస్తోది ఎన్నోదనుకున్నావు? ముప్పైనాలుగు! దుప్పి వేట సంఘానికి పెద్ద, పంచాయతీ రోడ్ల కమిటీకి పెద్ద, మట్టి తవ్వే యంత్రాలు మూడు. ఆ యంత్రాల అరుగుదల, డీజిలు, టైర్లు అన్నీ తీసేస్తే పాపం వాడికేమీ మిగల్లేదట. నాకేమో మా ఆయన వదిలిపోయిన అడవి ఉంది. చెట్టు కొట్టినా కొట్టకపోయినా అడవి ఎంతుంటే అంత పన్ను. గుడ్లగూబలు కాపురం చేస్తున్న చెట్లక్కూడా నేనే కడుతున్నాను. కట్టడానికి ఏనాడూ ఏడవలేదు. ఆసుపత్రి అందులోంచే వచ్చింది, ఈ కెర్తు బస్సూ అందులోంచే వచ్చింది.

కానీ ముప్పై శీతాకాలాలు నా గుమ్మందాకా వచ్చి మంచు తోసిన ట్రాక్టరు ఈ ఏడు రావడం లేదురా! అది నడిపే వెయికో పింఛనుకి పోయాడు. టెండరులో అందరికంటే తక్కువకి పాడి, యోర్మా అని పక్క ఊరివాడు పని దక్కించుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మొహంలో ఎర్రదనం లేదు. నా పోస్టు డబ్బా దగ్గరికి రావడం, గిర్రున తిరగడం, పోవడం. అక్కణ్నుంచి నా ఇంటికి ఏడువందల మీటర్లు. ఒకరోజు దారికడ్డంగా నిలబడి, "రా నాయనా, కాఫీ తాగి పో" అన్నాను. వాడేమన్నాడో తెలుసా? "నేను కాఫీ తాగనండీ." ఈ దేశంలో కాఫీ తాగని మగాణ్ని నా డెబ్బై ఆరేళ్లలో మొదటిసారి చూశాను. అప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో కుట్ర ఉందని.

ఇప్పుడు బస్సు కూడా పోస్టు డబ్బా దగ్గరే ఆగుతోంది. నేను కాలితో తన్నుకుంటూ మంచు మీద జారే స్లెడ్జి బండి మీద వచ్చి బస్సులో కూర్చుని ఇది చెబుతున్నాను. పంచాయతీ నర్సు వచ్చి, "దారి తెరిచి లేకపోతే అంబులెన్సు రాలేదు, జనవరి తర్వాత మిమ్మల్ని చర్చి పక్క వృద్ధాశ్రమానికి మార్చాల్సి వస్తుంది" అని మెత్తగా చెప్పి పోయింది. అక్కడి కిటికీలోంచి కార్లు పెట్టుకునే జాగా కనిపిస్తుంది. నా ఇల్లు, నా పొయ్యి వదిలేసి, కార్లు చూస్తూ చావాలా నేను? జనవరి ఇరవైన రోడ్ల కమిటీ కూర్చుంటుందట. ఆలోగా తేలాలి.

ఇంకో మాట. సరస్సు ఒడ్డున తైస్తో వేసవిలో ఆవిరిస్నానం చేసే సౌనా ఉందే, చలికాలంలో కుక్క కూడా అటు పోదు. ఆ దారి మాత్రం అద్దంలా తోసి ఉంది. ఇది లంచం కాకపోతే మరేమిటి? ఎవరి పీక పట్టుకోవాలో రాయి.

నీ అక్క
సైమి

(మూడు తిట్లు వదిలేశాను, క్షమించాలి. పంచాయతీ పెన్ను కదా. – కెర్తు)


ఔలు, నవంబరు 24

పూజ్యురాలైన సైమక్కకు,

నీ లేఖ అందినది. ముందుజాగ్రత్త దృష్ట్యా మొదటే ఒక విషయం స్పష్టం చేస్తాను. మన దేశంలో లంచం లేదు. ఇరవైతొమ్మిదేళ్ల ఉద్యోగంలో నాకు ఒక్కరూ కవరు చేతిలో పెట్టలేదు. ఒకసారి ఒక రైతు పెద్ద చేప తెచ్చి బల్లమీద పెట్టాడు. దాన్ని రిజిస్టరులో రాసి వెనక్కి పంపించాను. మూడోనాడు అది మళ్లీ వచ్చింది. మళ్లీ రాసి పంపించాను. ఆ రిజిస్టరు ఈనాటికీ వాసనేస్తోందని చెబుతారు.

మనం ఎక్కువ పన్ను కడతాం, బదులుగా ఎవరినీ బతిమాలుకోనక్కర్లేకుండా బతుకుతాం. అదీ మన ఒప్పందం. కనుక యోర్మా మీద కోపం వద్దు. పోటీలో తక్కువకి పాడినవాడు జాబితాలో ఉన్న మీటర్లే తోస్తాడు. తైస్తో సంగతి కూడా ఎత్తకు. పెద్దమనిషి. ఆ దారి తోయడానికి ఏదో కారణం ఉండే ఉంటుంది. ముందుజాగ్రత్త దృష్ట్యా నీకొక చిన్న మంచుయంత్రం కొనివ్వమంటావా? లేదా మా ఇంటికి వచ్చెయ్యి. గది ఖాళీగానే ఉంది. లిఫ్టు కూడా ఉంది. వృద్ధాశ్రమం గురించి కూడా, ముందుజాగ్రత్త దృష్ట్యా, మనసు తలుపు పూర్తిగా మూసెయ్యకు.

విధేయుడు
ఆర్వి


కోర్పివార, డిసెంబరు, బస్సు మంగళవారం

ఒరేయ్ విధేయుడా,

మంచుయంత్రం నువ్వే తోసుకో. లిఫ్టులో నువ్వే ఎక్కి దిగు.

పంచాయతీ కాగితం ఏదైనా, ఎవరైనా, ఎందుకో చెప్పకుండా అడగొచ్చని కెర్తు చెప్పింది. ఎందుకు చెప్పలేదురా నువ్వు? ఆ పిల్ల సెలవురోజున నన్ను కారులో ఆఫీసుకి తీసుకెళ్లింది. "మంచు తోసే దారుల జాబితా ఇయ్యి" అన్నాను. గుమాస్తా ఎందుకని అడగలేదు, మూలుగుతూ లేచి ఇచ్చాడు. మంచి దేశమే.

అరవైరెండు దారులు. కెర్తు వేలు పెట్టి చదివింది. నాది లేదు. "తైస్తో గీసేశాడు దొంగ వెధవ!" అని అరిచాను. పోయినేటిది తెమ్మన్నాను. అందులోనూ లేదు. అంతకుముందుది, ఇంకా ముందుది... గుమాస్తా దుమ్ము దులుపుతూ యాభైయేడో సంవత్సరం దాకా తెచ్చాడు. ఎందులోనూ లేదు! ముప్పై ఏళ్లలో ఏ కాగితంలోనూ నా దారి లేదురా ఆర్వీ.

తిన్నగా వెయికో ఇంటికి పోయాను. వాడు బూట్లు విప్పుకుని వలకి అతుకులు వేసుకుంటున్నాడు.

"వెయికో! నా దారి జాబితాలో లేదట!"

"ఎప్పుడుంది కనక?"

"మరి ముప్పై ఏళ్లు ఎందుకు తోశావురా?"

"కాఫీకి" అన్నాడు, తలెత్తకుండా. వలకి ఒక ముడి వేసి, "జున్నుకి కూడా" అన్నాడు. ఇంకో ముడి వేసి, "అడవిలో ఏరిన హిల్లా పళ్ల జామ్ పెట్టిన ఏడు వాకిలి కూడా తోశాను. గుర్తులేదా?"

గుర్తుంది. కాల్చిన జున్ను, వేడి కాఫీలో నానేసి ఇచ్చేదాన్ని. పంచాయతీ డీజిలు, పంచాయతీ జీతం, నా జున్ను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఊరంతా వెతికించి, నా భుజాలు నేనే తడుముకున్నాను. ఊళ్లో లంచం ఇచ్చింది ఎవరో తేలిపోయింది. నేనే!

ఇంటికొచ్చి రెండు రోజులు కాఫీ కాచుకోలేదు. మూడోనాడు కాచుకున్నాను.

ఇక తైస్తో దారి. అది జాబితాలో ఉంది. డెబ్బైనాలుగు నుంచీ తొమ్మిదివందల మీటర్లు, తీర్మానం నంబరుతో, సంతకాలతో సహా ఉంది. అంటే నా తప్పుకి కాగితం లేదు, వాడి తప్పుకి ఉంది. ఈ దేశంలో కాగితమున్న తప్పునే ఒప్పంటారు కాబోలు. కారణం ఏమని రాశారో కెర్తు మూడుసార్లు చదివింది: "ముందుజాగ్రత్త దృష్ట్యా, అగ్నిమాపక జలసేకరణ స్థలానికి నిరంతర ప్రవేశ సౌలభ్యం నిమిత్తం."

అక్షరం రానిదానికి చెవులే కళ్లురా. పదిహేనేళ్లప్పుడు పాదిరి ముందు పుస్తకం తెరిచి పట్టుకుని ప్రశ్నోత్తరాలన్నీ తప్పులేకుండా చదివాననుకున్నారు అందరూ. నువ్వు ఇంట్లో వల్లిస్తుంటే విని నేర్చుకున్నవి అవి. పుస్తకం తలకిందులుగా ఉంది. నీ మాట నాకు ఆనాటి నుంచీ తెలుసు. నీ ఉత్తరం చిన్నదే, అందులో ఆ "ముందుజాగ్రత్త" మూడుసార్లు ఉంది.

ఏమంటావు?

సైమి

(ఈ వారం నుంచి సైమమ్మ దగ్గర కాఫీ మానేశాను. నేనూ పంచాయతీ ఉద్యోగినే. చాలా కష్టంగా ఉంది. – కెర్తు)


ఔలు, డిసెంబరు 15

అక్కకు,

ఆ మాట ప్రభుత్వ భాషలో సర్వసాధారణం. ఆరోగ్యం చూసుకో. క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఆర్వి


కోర్పివార, క్రిస్మస్ ముందు మంగళవారం

ఒరేయ్ ఆర్వీ,

నీకు వాతావరణం గురించి రాయడానికే ఒక పేజీ పడుతుంది. అలాంటివాడివి మూడు వాక్యాలు రాశావు. దుప్పి మాంసం ఎలా ఉంది ఈ ఏడు? మెత్తగా ఉడికిందా? ఏటా వేట అయిపోగానే ఔలు బస్సులో ఒక వెనక తొడ నీ పేరున వెళ్తుందని వెయికో చెప్పాడు. తైస్తో చెబితే కట్టేది వాడేనట. పద్నాలుగేళ్లుగా కడుతున్నాడట. లెక్క నువ్వే వేసుకో, చదువుకున్నవాడివి.

నువ్వు నవ్వుకునే కబురు ఒకటుంది. తైస్తో వచ్చాడు. సొంత యంత్రంతో నా దారి తోసుకుంటూ, టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"సైమత్తా, ముసలితనంలో ఈ కాగితాల గోలెందుకు నీకు? యోర్మాతో ఒక మాట చెప్తాను, రేపట్నుంచి నీ గుమ్మందాకా వస్తాడు."

"కాఫీ తాగనివాడు ఎందుకొస్తాడు?"

"నేను చెప్తే వస్తాడు. వాడికి వచ్చే ఏడు టెండరు కావాలిగా. నువ్వు ఆ జాబితా సంగతి మరిచిపో, అంతే. నీ ఇల్లు నీది, నీ పొయ్యి నీది."

"నీ దారి నీది."

"అవునత్తా! నువ్వు తెలివైనదానివి" అని నవ్వాడు. నాలుగు కప్పులు తాగి పోయాడు.

వాణ్ని చీపురుతో కొట్టి తరిమానని రాయించాలని ఉంది. కెర్తు రాసేది కూడా. కానీ తరమలేదు. ఆలోచించుకుని చెప్తానన్నాను. వాడి యంత్రం పోయాక కిటికీలోంచి చూస్తే దారి పోస్టు డబ్బాదాకా తెల్లగా, నున్నగా ఉంది. దాని మీద నిలబడితే ఏడుపొచ్చిందిరా. ఒక్క మాట మింగితే చాలు, ఇంట్లోనే చస్తాను. జున్ను కూడా చెయ్యక్కర్లేదు.

నేను ఎవర్నీ అడిగే మనిషిని కాను. అయినా అడుగుతున్నాను. మింగనా?

అక్క


ఔలు, జనవరి 3

సైమక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. నాలుగుసార్లూ మొదటి మాట "ముందుజాగ్రత్త" అనే వచ్చింది.

ఆ వాక్యం నాదే. డెబ్బైనాలుగులో తైస్తో పిలిస్తే ఆ సౌనాకి వెళ్లాను. తైస్తో, పంచాయతీ కార్యదర్శి, నేను, ముగ్గురమూ పైమెట్టు మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాం. "చలికాలంలో కూడా ఇలా కూర్చోగలిగితే ఎంత బాగుండు, దారే లేదు" అన్నాడు వాడు. నేను వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ, "కింద సరస్సుంది కదా, ఫైరింజనుకి నీళ్లు తోడుకునే చోటని రాసుకోండి" అన్నాను. తమాషాకి అన్నాను. కార్యదర్శి ఎలా రాయాలని అడిగితే వాక్యం మొత్తం చెప్పాను, నాకు అలాంటివి నోట్లోంచి వాటంతటవే వస్తాయి. అప్పుడు నేను ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉన్నానక్కా. జేబే లేనివాడు లంచం ఎక్కడ పెట్టుకుంటాడు అనుకున్నాను.

ఆ శరదృతువులో మాంసం వచ్చింది. చేపని రెండుసార్లు రిజిస్టరులో రాసినవాణ్ని, తొడని ఒక్కసారీ రాయలేదు. స్నేహితుడు పంపాడు అనుకున్నాను. కవరులో వచ్చి ఉంటే గుర్తుపట్టేవాణ్ని.

మింగమనే చెప్పాలని ఉంది. నువ్వు మింగితే నా గుట్టూ బయటపడదు. అందుకే ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. దీంతో పాటు రోడ్ల కమిటీకి ఇంకో కాగితం పెట్టాను. అందులో పైన రాసిందంతా ఉంది, నా సంతకం ఉంది. ఇస్తావో పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. పొయ్యిలో వేసినా నీ మీద ఒక్క మాట అనను. ఇంట్లో ఉండు, అది చాలు.

ఈ ఏటి తొడ వెనక్కి పంపేశాను. మా ఆవిడ రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు.

నీ తమ్ముడు
ఆర్వి


కోర్పివార, జనవరి 24, బస్సు మంగళవారం

ఆర్వీ,

కమిటీకి వెళ్లాను. సున్నాకి కింద ముప్పైరెండు డిగ్రీల చలి. పోస్టు డబ్బాదాకా స్లెడ్జి, అక్కణ్నుంచి వెయికో కారు. బల్ల చుట్టూ ఐదుగురు, మధ్యలో తైస్తో. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చా అంటే కూర్చోవచ్చట, మాట్లాడకూడదట. మాట్లాడాను.

"దారి గురించి ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాను. ముందు నా మీద నేనే చేసుకుంటాను. ముప్పై శీతాకాలాలు పంచాయతీ ట్రాక్టరుకి కాఫీ పోసి నా దారి తోయించుకున్నాను. శీతాకాలానికి నలభైసార్లు. వచ్చినప్పుడల్లా మూడు కప్పులు."

కూర్చున్నవాళ్లలో స్కూలు టీచరు ఒకావిడ ఉంది. "మూడువేల ఆరువందల కప్పులు" అంది, ఉండబట్టలేక.

"జున్ను వేరే" అన్నాడు వెయికో వెనక నుంచి. నోరు ముయ్యరా అన్నాను.

తర్వాత నీ కాగితం బల్లమీద పెట్టాను. తైస్తో ముందు చదివాడు. సౌనాలో కూర్చున్నవాడిలా ఎర్రగా అయిపోయాడు. "ఇవన్నీ ఇక్కడెందుకు? సైమత్త దారి కలిపేద్దాం, అయిపోతుంది. తీర్మానంలో వివరాలక్కర్లేదు" అన్నాడు.

"ఒక్క అక్షరం తగ్గినా ఒప్పుకోను. నాకు చదవడం రాదు కనక మొత్తం రాయండి. వినిపించుకుంటాను" అన్నాను.

అప్పుడు టీచరమ్మ చల్లగా అంది: "తైస్తో గారూ, మీ సొంత దారి చర్చకి వచ్చింది. నిబంధన ప్రకారం మీరు బయటికి వెళ్లాలి." వెళ్లాడురా! దిక్కుమాలినవాడు, తలుపు మెల్లగా వేసి మరీ వెళ్లాడు. దుప్పిని నిలబెట్టి కాల్చేవాడు, నిబంధన అనగానే టోపీ తీసుకుని నడవాలో నిలబడ్డాడు.

మిగిలిన నలుగురూ మాట్లాడరు. మనవాళ్ల సంగతి తెలుసుగా. గడియారం చప్పుడు విన్నాను చాలాసేపు. ఈ ఏటికి బడ్జెట్టులో మీటర్లు అయిపోయాయని ఒకాయన గొణిగాడు. ఒకటి కలపాలంటే ఒకటి తీసెయ్యాలి. నలుగురూ బల్లనే చూస్తున్నారు. అందరి ఇళ్లలోనూ ఫ్రీజరులో దుప్పి మాంసముంది, నాకు తెలుసు. చివరికి టీచరమ్మ, "సరస్సు దారి తీసేద్దాం. వ్యతిరేకించేవాళ్లు?" అంది. మళ్లీ గడియారం. ఎవరూ నోరెత్తలేదు. మనవాళ్ల మౌనం నాకు మొదటిసారి అచ్చొచ్చింది.

తొమ్మిదివందలు తీసి ఏడువందలు కలిపారు. రెండువందల మీటర్లు మిగిల్చాను పంచాయతీకి!

ఇప్పుడు విను. డెబ్బై దాటి ఏడాదంతా అదే ఇంట్లో ఉండేవాళ్లకి దారి తోయించడం ఎప్పట్నుంచో హక్కేనట. కావలసింది ఒక కాగితం, ఒక సంతకం. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గుమ్మందాకా ట్రాక్టరు వస్తుంటే ఎవరడుగుతారు? డెబ్బై దాటి ఆరేళ్లు ఆ కాగితం బదులు జున్ను చేశాను.

సంతకం పెట్టమన్నారు. నాన్న గొడ్డలి పిడి మీద చెక్కేవాడే మన ఇంటి గుర్తు, రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత. అది పెట్టాను. వంకర లేకుండా వచ్చింది.

పాత కాఫీకి డబ్బు కడతానన్నాను. పుచ్చుకోవడానికి వాళ్ల దగ్గర పద్దు లేదట.

అక్క


ఔలు, ఫిబ్రవరి 9

సైమక్కా,

తైస్తో నుంచి రెండు ముక్కలు వచ్చాయి: "మాంసం అందింది." అంతే. ఇక నాకు ఆ పైమెట్టు మీద చోటు లేదు. మా అపార్టుమెంటు సౌనాలో శుక్రవారం ఆరింటి వంతు రాయించుకున్నాను. ఒక్కణ్నే కూర్చుంటున్నాను. బాగానే ఉంది. నీళ్లు ఎన్ని చల్లాలో ఎవరితో వాదించనక్కర్లేదు.

కెర్తు గారు నీ కాఫీ తాగొచ్చా అని అడిగావట, ఆవిడ వేరే చీటీలో రాశారు. నా అభిప్రాయం: ఒక కప్పు మర్యాద. దానితో బన్ను ఇస్తే అది కూడా మర్యాదే. రెండో కప్పు స్నేహం. జున్ను మాత్రం అనుమానాస్పదం. ముఖ్యంగా నీ జున్ను.

ట్రాక్టరు వస్తోందా?

ఆర్వి


కోర్పివార, మార్చి, బస్సు మంగళవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం నా వంటింట్లో రాస్తున్నాం. బస్సు గుమ్మం ముందు ఆగి ఉంది. కెర్తు ఒక కప్పు తాగింది, బన్ను తింది. రెండో కప్పు కోసం కప్పులోకే చూస్తోంది, నేను పొయ్యగానే రాయడం ఆపేసేలా ఉంది. ఉత్తరం అయ్యాక పోస్తానన్నాను. నర్సు వచ్చి వృద్ధాశ్రమం కాగితం మడిచి సంచిలో పెట్టుకుపోయింది.

వెయికో రోజూ వస్తున్నాడు. వాడికి ఇప్పుడు ట్రాక్టరు లేదు కనక ఎంత జున్నైనా పెట్టొచ్చు. ముప్పై ఏళ్లు తిన్నదానికంటే ఈ రెండు నెలల్లో ఎక్కువ తిన్నాడు. పొట్ట పెరిగింది.

యోర్మా టైము తప్పకుండా వస్తున్నాడు. ఏడువందల మీటర్లు తోసి, కొలిచినట్టు నా మెట్టు దగ్గర ఆగి తిరుగుతాడు. ఒక్క అడుగు ఎక్కువ తోయడు. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తాను. తోసినన్నిసార్లూ నాకు నేనే కొత్తగా ఉన్నాను. ఎవరికీ ఏమీ పెట్టకుండా ఇంత దారి!

మొన్న చలి మరీ ఎక్కువైంది. తలుపు చప్పుడైంది. వాడే. కనురెప్పల మీద మంచు. "అమ్మా, కాఫీ తాగను గానీ... కొంచెం వేడి రసం ఏదైనా ఉంటే..." అన్నాడు.

పొయ్యి మీద నల్లద్రాక్ష రసం సలసల కాగుతోంది. బల్లమీద జున్ను. వాడు దాన్ని చూశాడు. నేను వాణ్ని చూశాను. ఇంజను బయట ఇంకా మోగుతూనే ఉంది, పంచాయతీ డబ్బుతో.

ఒక గ్లాసు రసం ఇచ్చాను. మర్యాద. గుమ్మంలో నిలబడే తాగాడు. గ్లాసు ఇచ్చేటప్పుడు మళ్లీ బల్లవైపు చూశాడు.

"ఆ జున్ను..."

"జూన్‌లో రా నాయనా," అన్నాను. "అప్పుడు మంచుండదు. ఎంత కావాలంటే అంత పెడతాను."

నువ్వు కూడా రా. నీకైతే జూన్ దాకా ఆగక్కర్లేదు.

నీ అక్క
సైమి